గురువుగారి కాలివేళ్ళు

ధవళేశ్వరం లాకు దగ్గర పడవ ఆగేసరికి పొద్దు బారెడెక్కింది. లాకు తలుపుల దగ్గర పనిచేసే మనిషి నన్నూ, నా ఒళ్ళోని గోనెమూటనూ మార్చి మార్చి చూసి, తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. "తమకింకా కబురందలేదనుకుంటానండి. వైద్యులుగారు తెల్లారగట్ట పోయారండి. మీ ఊరి మనిషి రాజమంద్రి చుట్టాలకి చెప్పడానికెళ్తా ఇక్కడాగి చెప్పాడండి" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. పోలవరం కొండల్లో పదకొండు రోజులు తిరిగి కోసుకొచ్చిన దూలగొండి కాయలు ఆ మూటలో ఉన్నాయి. ఆ కాయల మీది నూగు తగిలి నా చేతులు మోచేతుల దాకా దద్దుర్లెక్కి మండిపోతున్నాయి. ఇంకొక్క రోజు ఆగలేకపోయారా అని పోయిన మనిషి మీదే కోపం తెచ్చుకున్నాను. పడవ కాలువలోకి దిగి కడియం వైపు తిరిగాక గాని ఆ కోపం నిజంగా ఎవరి మీదో నాకు తెలియలేదు.

ఆయన్ను పొగడడానికి మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. పొగడ్తకు ఆయన తగినవాడే. కాని నేను ఆయనకు చేసిన అపకారం ఒకటుంది. అది నేను చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరు. చదివేవారు నన్ను తిట్టుకున్నా సరే, దాన్ని దాచి ఆయన్ను తలుచుకోవడం నాకు చేతకాదు.

ఆయన మా ఊరి వైద్యులు, నాకు గురువు. ఇరవై రెండేళ్ళప్పుడు ఆయన దగ్గర చేరాను. పంతొమ్మిదేళ్ళు ఆ ఇంట్లోనే మందులు నూరాను. ఆయన వీధి అరుగు మీద ఒక చెక్కబల్ల ఉండేది. ఉదయం ఎండ ఏటవాలుగా పడేచోట దాన్ని వేయించుకున్నారు. ఎవరొచ్చినా ముందు ఆ బల్ల మీద కూర్చోవాలి. ఆయన ఎదురుగా పీట వేసుకుని, బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని, ఒక్క మాటా అడగకుండా రోగి మొహంలోకి చూసేవారు. ఆ తరువాతే నాడి. ఆ తరువాతే మాట.

"ఒరే, రోగి నోరు విని మోసపోకు. పిరికివాడు చీమ కుట్టినా చచ్చిపోతున్నానంటాడు, మొండివాడు ఎముక విరిగినా ఏం లేదంటాడు. మొహం చూడు. నొప్పి దాక్కోవడానికి మొహంలో చోటు లేదు" అనేవారు.

ఈ మాట ఆయన నాకు ఎన్నివందల సార్లు చెప్పారో. ఆయన్ను హింసపెట్టింది ఆఖరికి ఈ మాటే.

కాపడం పెట్టడానికి కూడా ఆయనకు ఒక పద్ధతి ఉండేది. వాతం నొప్పులకు ఒంటికి నూనె పట్టించి, మూకుట్లో వేయించిన ఇసుకను గుడ్డలో మూటగట్టి అద్దాలి. మూటను ముందు మన ముంజేతి లోపలివైపు పెట్టుకుని చూడాలి. మన చేతికి ఓర్చుకునేటంత ఉంటే రోగికి పెట్టాలి. రోగి "చాలు బాబో" అని మొత్తుకున్నా వినకూడదు, అందరూ అలాగే అంటారు. కనుబొమలు ముడుచుకుంటే మాత్రం తీసెయ్యాలి. ఎంతమందికి అలా పెట్టామో లెక్కలేదు. వంగి వచ్చినవాళ్ళు నిటారుగా నడిచి వెళ్ళారు.

ఆయనకు జబ్బు మొదలైన రోజు నాకు బాగా గుర్తు. ఆ ఉదయం మొదట ఒక ముసలమ్మ వచ్చింది. నాడి పట్టుకుని, "నీ నాడి వణుకుతోందమ్మా, వాతం పెరిగింది" అన్నారు. తరువాత ఒక కమతగాడు వచ్చాడు, దుక్కలా ఉన్నాడు, ముల్లు గుచ్చుకుందని వచ్చాడు. "నీదీ వణుకుతోందేంట్రా" అన్నారు. మూడో మనిషి నాడి పట్టుకున్నారు. చాలాసేపు పట్టుకుని ఉండి, వదిలేసి, తన కుడిచేతిని ఎండలోకి చాపి చూసుకున్నారు. చూపుడువేలూ బొటనవేలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ మాత్ర చుడుతున్నట్టు కదులుతున్నాయి. చేతిలో మందు లేదు.

"నాడి నాదేరా" అన్నారు. అని నవ్వారు కూడా. అప్పటికింకా నవ్వు వచ్చేది.

ఊళ్ళోవాళ్ళు కొన్నాళ్ళపాటు అది ఆయన అలవాటే అనుకున్నారు. నలభై ఏళ్ళు మాత్రలు చుట్టిన చెయ్యి ఊరుకోలేకపోతోందని మురిసిపోయేవారు. మాకిద్దరికీ తెలుసు అది కంపవాతమని. రెండేళ్ళలో నడక చిన్నదైంది, అడుగులో అడుగు వేసుకుంటూ ముందుకు తూలేవారు. గొంతు తగ్గిపోయింది. చెవి దగ్గర పెట్టుకుంటే గాని వినబడదు. రాత కూడా చిక్కిపోయింది. కాగితం ఎడమవైపు గింజంత ఉన్న అక్షరం కుడివైపుకు వచ్చేసరికి ఆవగింజంత అయ్యేది. మొహం మాత్రం, ఎలా చెప్పాలి, ఆగిపోయింది. నుదురు మీద, ముక్కు పక్కల జిడ్డు కారుతూ చర్మం ఎర్రబడి పొట్టు లేచేది. అది తప్పిస్తే ఆ మొహంలో ఇంకేమీ జరిగేది కాదు.

అమ్మగారు, అంటే గురువుగారి భార్య, ఒకసారి నవ్వుతూనే అన్నారు. "ఆయన మొహం చూసి ఏం తెలుసుకుంటాం నాయనా? కూరలో ఉప్పెక్కువైనా అంతే, పరవాన్నం పెట్టినా అంతే. ఇదివరకు కసిరేవారు. ఆ కసురైనా ఉంటే బాగుండును."

ఆ మాట విని నేనూ నవ్వాను. అప్పటికైనా నాకు బుర్ర పనిచేసి ఉండాల్సింది.

వణుకు కంటే ముందు నుంచీ ఆయన మంట అంటూ ఉండేవారు. వీపు మీద, భుజాల మీద, పిక్కల మీద. చూస్తే ఏమీ ఉండేది కాదు. చర్మం కింద ఎవరో కారం రాసినట్టుందనేవారు. కండువా తగిలినా ఓర్చుకోలేకపోయేవారు. నేను పుస్తకాలన్నీ తిరగేశాను. అది వాతమే, వాతానికి వేడి పెట్టాలి అనే తేలింది. తేలకేం, ఆయన నేర్పింది అదే కదా.

ముందు రాజమంద్రి తీసుకెళ్ళాను. సర్కారు ఆసుపత్రిలో దొర మంచివాడే. చేతులు వంచి చూశాడు, నడిపించి చూశాడు, ఇంగ్లీషులో జబ్బు పేరు చెప్పాడు, దీనికి మందు లేదని దుబాసీ చేత చెప్పించాడు. గురువుగారు నా చెవిలో, "మంట సంగతి అడుగు" అన్నారు. అడిగాను. దొర తల అడ్డంగా ఊపాడు. దుబాసీ, "ఈ వణుకుడు జబ్బులో నొప్పి ఉండదంటున్నారండి. అది వేరే ఏదో అయుంటుందంటున్నారు" అన్నాడు.

తిరుగు పడవలో వేమగిరి దాటాక గురువుగారు నా చెయ్యి లాగి, "నేనూ అదే చెప్పేవాణ్ణిరా" అన్నారు. ఎవరికి చెప్పారో నేను అడగలేదు. ఆయన మాట్లాడడమే కష్టం కదా, శ్రమపెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

ఇంటికి వచ్చాక ఇసుక కాపడం మొదలుపెట్టాను. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యకపోతే ఆ మనిషి అలా మండిపోతూ ఉంటే చూస్తూ ఎలా కూర్చోవడం? ఆయన్ను ఆ చెక్కబల్ల మీదే కూర్చోబెట్టాను, ఎండ మొహం మీద పడేటట్టు. నూనె పట్టించాను. మూటను నా ముంజేతి మీద పెట్టుకుని చూశాను. గోరువెచ్చగా, హాయిగా ఉంది. ఆయన వీపుకు అద్దాను. పెదాలు కదిలాయి. "చాలు" అన్నారనుకుంటాను. అందరూ అలాగే అంటారు కదా. నేను కనుబొమలు చూస్తూ అద్దాను. అవి ముడుచుకోలేదు.

తొమ్మిది రోజులు చేశాను. రోజూ ఆయన రెండు చేతులూ పట్టుకుని అరుగు మీదికి నడిపించుకొచ్చేవాణ్ణి. గడప దగ్గర పాదాలు నేలకు అంటుకుపోయినట్టు ఆగిపోయేవి. జబ్బు గుణం అనుకున్నాను. కొంత జబ్బే కావచ్చు. కొంత భయమని ఇప్పుడు నాకు తెలుసు.

తొమ్మిదో రోజున పడవ నడిపే సరంగు భార్య చేపలు అమ్ముకుని తిరిగివెళ్తూ అరుగు దగ్గర ఆగింది. ఖాళీ తట్ట దించి, మజ్జిగ అడిగింది. ఆవిడ మామగారికి కూడా ఇదే వణుకు ఉండేది, మా దగ్గరే మందు తిన్నాడు, పోయి ఏడెనిమిదేళ్ళయింది. మజ్జిగ చెంబు నోటి దగ్గర పెట్టుకున్నదల్లా దించేసి, "ఆపండి బాబూ" అంది.

"ఏంటమ్మా?"

"ఆయనకి మంటెత్తిపోతంది. ఆపండి."

"నీకెలా తెలుసు? మొహం చూడు, ఏమైనా ఉందా?"

"మొహంలో ఏముంటదండీ ఈ జబ్బోళ్ళకి? కాలేళ్ళు సూడండి."

చూశాను. ఎడమకాలి బొటనవేలు పైకి నిక్కి ఉంది. మిగతా నాలుగు వేళ్ళూ కిందికి ముడుచుకుని బల్ల కింది మట్టినేలను పట్టుకుని ఉన్నాయి. గోళ్ళు మట్టిలో దిగబడి ఉన్నాయి. నేలమీద పాత గీతలు కూడా ఉన్నాయి. తొమ్మిది రోజుల గీతలు.

ఇసుకమూట నా చేతిలోంచి ఎక్కడ పడిందో తెలియదు. నూనె తుడిచి చూస్తే వీపంతా ఎర్రగా కమిలి, చిన్న చిన్న పొక్కులు కూడా లేచి ఉన్నాయి. ఆ వేడికి నా చెయ్యి కమలలేదు. నా చేతికి హాయిగా ఉన్నది ఆయన చర్మానికి నిప్పయింది.

ఆవిడ మెట్టు మీద కూలబడి నెమ్మదిగా చెప్పింది, నామీద కోపంతో కాదు. "మా మావగారూ ఇంతేనండి. అరిచేవోడు కాదు, అరవడానికి గొంతేదీ. కాలేళ్ళు ముడుసుకుపోయేయి. నేను ఆ కాలేళ్ళ సందున మెత్తటి గుడ్డ పెట్టేదాన్ని. అయ్యగారితో చెప్పానండి అప్పట్లో, ఈయనకి మంటలండీ అని. వణుకుడు జబ్బులో నొప్పుండదమ్మా, కాపడం మానకు అన్నారండి. పెద్దోళ్ళు చెప్పారు గదా అని మానలేదండి."

గురువుగారు అన్నీ విన్నారు. ఆయన మొహం ఎప్పటిలాగే ఉంది. ఎడమ కంటి నుంచి నీరు కారి గడ్డం మీదుగా దిగింది. ఆవిడవైపు రెండు చేతులూ ఎత్తబోయారు, దణ్ణం పెట్టడానికి. వణుకుతున్న చేతులు ఒకదానికొకటి కలవలేదు. ఆవిడ హడలిపోయి, "అయ్యో, తప్పండి, తప్పండి" అంటూ లేచి ఆ చేతులు పట్టుకుంది. ఆవిడ ఆయన్ను ముట్టుకోవచ్చా అని ఆ రోజు ఎవరూ అనుకోలేదు.

ఆ తరువాత నాలుగేళ్ళు బతికారు. అవి ఎలా గడిచాయో పూసగుచ్చినట్టు చెప్పను. చెప్పలేను. కాపడం మానేశాం. లేత అరటాకులు పరిచి వాటి మీద పడుకోబెట్టేవాళ్ళం. వెన్న రాసేవాళ్ళం. అమ్మగారు తన పాత చీరలు ఉతికి ఉతికి మెత్తబరిచి దుప్పట్లుగా కుట్టారు. ఒకరోజు ఊరట, పదిరోజులు నరకం. దేవుణ్ణి తిట్టడం నేను ఆ రోజుల్లోనే మొదలుపెట్టాను, ఇంకా మానలేదు.

ఒక్క దూలగొండి గింజలే కాస్త పనిచేశాయి. ఆ గింజలను పాలల్లో ఉడకబెట్టి, తొక్క తీసి, ఎండబెట్టి పొడిచేసి ఇస్తే పూట గడవకముందే కీళ్ళు వదులయ్యేవి. గొంతు కొంచెం లేచేది. ఆ రెండు మూడు గంటల్లో ఆయనకు ఒకటే తొందర. "కాగితం తియ్యి" అనేవారు. నలభై ఏళ్ళపాటు రాసుకున్న తన మందుల పుస్తకాన్ని నా చేత దిద్దించారు. కంపవాతం దగ్గర "కాపడం" అని ఉన్నచోటల్లా కొట్టివేయించారు. పక్కన నేను రాయబోతే వద్దని, కలం తన వేళ్ళలో ఇరికించుకుని తానే రాశారు. సగం పూట పట్టింది. దీపపు కుందె పక్కన పెట్టుకుని చదువుకోవలసినంత చిన్న అక్షరాలు. "వణుకు అందరికీ కనబడును. మంట వానికొక్కనికే తెలియును. వానిని అడుగుము. వాడు చెప్పలేనిచో పాదములు చూడుము."

రాసి, నావైపు తిరిగి, "నేను మొహాలు చూస్తూ కూర్చున్నానురా. వంగి కాళ్ళవైపు చూడ్డానికి నాకు నామోషీ" అన్నారు. అంతకంటే కఠినంగా తన్ను తాను ఎవరైనా తిట్టుకోగా నేను వినలేదు. నన్ను మాత్రం ఒక్కమాట అనలేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "ఆ తొమ్మిది రోజులూ..." అని మొదలుపెట్టాను. పూర్తిచెయ్యనివ్వలేదు. "నేర్పింది నేను. చేసింది నువ్వు. ఎవరి తప్పు?" అన్నారు. ఆ లెక్క నాకు ఒప్పుదల కాలేదు. ఇప్పటికీ కాదు.

కిందటి నెలలో గింజలు అయిపోయాయి. రాజమంద్రి అంగడిలో తెప్పిస్తే పుచ్చువి వచ్చాయి. కాకినాడ నుంచి తెప్పిస్తే అవీ ఏ కాలంనాటివో, నూరితే దుమ్ము రేగింది. మందు ఆగేసరికి ఒళ్ళంతా కొయ్యబారింది. పాలు కూడా గుటక పడేది కాదు. కాలివేళ్ళు ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉండిపోయాయి. అమ్మగారు వాటి సందున మెత్తటి గుడ్డ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, ఆ పాదాల దగ్గరే కూర్చునేవారు. ఇక ఆగలేక పోలవరం కొండలకు నేనే బయలుదేరాను. ఇది కాయలు పండే కాలం. తాజా గింజలు పడితే నాలుగు రోజుల్లో మనిషి మళ్ళీ మాట్లాడతాడని నా ఆశ.

బయలుదేరేముందు వంగి చెవి దగ్గర చెప్పాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. ఆపడానికి పట్టుకున్నారో, అలవాటుకొద్దీ నాడి చూశారో తెలియదు. పెదాలు కదిలాయి. మాట పైకి రాలేదు. "ఉండు" అన్నారా, "వెళ్ళు" అన్నారా? అమ్మగారిని అడిగితే, "త్వరగా రమ్మంటున్నారేమో నాయనా" అన్నారు. అలాగే అనుకుని వెళ్ళిపోయాను. ఆ రోజు పాదాలు చూసి ఉంటే తెలిసేదేమో. పడవ వెళ్ళిపోతుందన్న తొందరలో చూడలేదు.

ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. వాకిలి నిండా జనం. ఆయన్ను స్నానం చేయించి, కొత్త బట్ట కట్టి, అరుగు కింద పాడె పక్కన పడుకోబెట్టారు. నాకోసమే ఆపారట. అమ్మగారు లోపలి నుంచి నన్ను చూసి, మూటను చూసి, చేతులు చూసి, "అయ్యో, చేతులెలా అయ్యాయో, వెన్న రాసుకో నాయనా" అన్నారు. అప్పుడు ఏడ్చాను.

మూట అరుగు మీద ఆ బల్ల కింద పెట్టాను. ఆయన మొహంవైపు వెళ్ళలేదు. కాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. వేళ్ళు విడివడి ఉన్నాయి. పది వేళ్ళూ తిన్నగా, దేన్నీ పట్టుకోకుండా ఉన్నాయి. నాలుగేళ్ళలో వాటిని అలా చూడడం అదే మొదలు. పంతొమ్మిదేళ్ళు మందులు నూరిన నేను తీసుకురాలేని ఊరట ఏ మందూ లేకుండా వచ్చేసింది. నా గింజలతో దానికి పనిలేదు.

గురువుగారి తమ్ముడి కొడుకు నూలుతాడు తీసుకుని వచ్చాడు. మనలో పోయినవారి రెండు కాళ్ళ బొటనవేళ్ళూ కలిపి కట్టడం ఉంది కదా. అతను రెండు చుట్లు చుట్టి, కాలు అదిమిపట్టి, ముడి బిగించబోయాడు.

నా చెయ్యి దానంతట అదే వెళ్ళి తాడును పట్టుకుంది.

"వదులుగా కట్టు బాబూ" అన్నాను. "ఆయనకి అక్కడ నొప్పి."

అతను తలెత్తి నావైపు వింతగా చూశాడు. వాకిట్లో జనంలో నిలబడి ఉన్న సరంగు భార్య తన కొంగు చివర చింపి, మడిచి, నా చేతికి అందించింది. నేను దాన్ని ఆ రెండు వేళ్ళ సందున పెట్టాను.